పొద్దున కొండ, సాయంత్రం సముద్రం

ఒక్క క్షణం మీ భోజనం కంచాన్ని తలుచుకోండి. మధ్యలో వేడన్నం కుప్పగా వడ్డించారు. కుప్ప నెత్తిన చిన్న గుంట చేసి పప్పు వేసుకున్నారు, నెయ్యి వేసుకున్నారు. కంచం అంచున ఒక పక్క ఆవకాయ ముక్క ఉంది. ఎదురు పక్క అప్పడం ఉంది. ఇప్పుడు ఆవకాయ దగ్గరున్న చీమ అప్పడం దగ్గరికి పోవాలి. ఎలా పోతుంది? కుప్ప ఎక్కి దిగాలి. లేదంటే అంచు పట్టుకుని చుట్టూ తిరగాలి. తిన్నగా పోయే దారి లేదు.

అగ్నిపర్వతం పుట్టించిన దీవి ఇలాగే ఉంటుంది. మధ్యలో ఎత్తు. నాలుగు వైపులా వాలు. వాలు చివర సముద్రం. నెత్తిన ఆ పప్పు గుంట ఉంది చూశారూ, అది అగ్నిపర్వతం నోరు. నాలుగు రోజుల సెలవు దొరికి అలాంటి దీవి చూసి రావాలనుకుంటే, ప్రయాణం ఎలా వేసుకోవాలి? ఇవాళ అది చెప్తాను. ఉదాహరణగా మారిషస్ దీవిని తీసుకుంటాను. అది నేను నడిచి చూసిన నేల. మన తెలుగువాళ్ళు సుమారు 2 శతాబ్దాలుగా ఉంటున్న నేల.

చెప్పదలుచుకున్నది ఒకటే. కాగితం దగ్గరుంటే రాసుకోండి. రోజుకి ఒక వైపు. పొద్దున కొండ. సాయంత్రం సముద్రం. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ముందు ఆ దీవి ఎలా పుట్టిందో వినండి. అప్పడాన్ని నిప్పుల మీద కాలుస్తాం కదా. నిప్పు ఒక చోటే ఉంటుంది. అప్పడాన్ని మనం జరుపుతుంటాం. నిప్పు తగిలిన చోటల్లా ఒక మచ్చ పడుతుంది. భూమి లోపల కూడా అలాంటి నిప్పు ఒకటి ఉంది. పైనున్న నేల దాని మీదుగా మెల్లగా జరిగింది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం ఆ నిప్పు మీద మన దక్కను నేల ఉంది. అప్పుడు పొంగి పరుచుకున్న లావాయే ఇవాళ వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి. ఆ రాయి వేల వేల ఏళ్ళు నాని చివికితే వచ్చిందే అక్కడి నల్లరేగడి. కొవ్వూరు దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా ఆ లావాదేనంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. గోదావరికి ఇటు రాజమండ్రి దగ్గర కాతేరులోనూ ఆ రాయి ఉంది. తర్వాత నేల ఉత్తరానికి జరిగింది. నిప్పు మీదికి వేరే చోటు వచ్చింది. ఆ వరసలో లక్షదీవులు, మాల్దీవులు పుట్టాయి. సుమారు 80 లక్షల ఏళ్ళ క్రితం మారిషస్ సముద్రంలోంచి పైకొచ్చింది. ఇప్పుడు ఆ నిప్పు మారిషస్‌కి నైరుతిగా, సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతూనే ఉంటుంది. మారిషస్ మాత్రం చల్లారి వేల ఏళ్ళయింది. కాబట్టి పిల్లల్ని తీసుకెళ్ళడానికి భయపడక్కర్లేదు.

అంటే పంగిడి క్వారీలో కంకర కొట్టే మనిషి చేతిలోని రాయీ, మారిషస్ చెరుకు తోటలోని రాయీ ఒకే పొయ్యి మీద ఉడికినవి. ఈ సంగతి తెలిశాక నాకు ఆ దీవి పరాయి దేశంలా అనిపించలేదు.

సరే, మళ్ళీ కంచం దగ్గరికి వద్దాం. మారిషస్ ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 65 కిలోమీటర్లు. అంటే రాజమండ్రి నుంచి కాకినాడ అంత. అడ్డంగా 45 కిలోమీటర్లు. మ్యాపు చూడగానే, ఓస్, ఇంతేనా, రెండు రోజుల్లో చుట్టేయొచ్చు అనిపిస్తుంది. అక్కడే పొరపాటు చేస్తాం. మధ్యలో అన్నం కుప్ప ఉందని మర్చిపోతాం. కొండ దారులు మెలికలు తిరుగుతాయి. తీరం దారి ప్రతి ఊళ్ళోంచీ పోతుంది. ఇరవై కిలోమీటర్లకి గంట పట్టే చోట్లున్నాయి. తూర్పున పడవ షికారు, పడమట జలపాతం, ఉత్తరాన బజారు ఒక్క రోజులో పెట్టుకుంటే, ఆ రోజు మీరు చూసేది కారు కిటికీ మాత్రమే. అందుకే రోజుకి ఒక వైపు.

ఇక పొద్దున కొండ అని ఎందుకన్నాను? దానికి గాలి సంగతి తెలియాలి.

వాన ఏటవాలుగా కొడుతోంది. మీరు గొడుగుని ఎదురుగా వంచి పట్టుకున్నారు. గొడుగుకి అవతలి వైపు తడిసి ముద్దవుతుంది. ఇవతల, మీరు నిలబడ్డ వైపు పొడిగా ఉంటుంది. దీవి మధ్య కొండ ఆ గొడుగులాంటిది. మారిషస్‌కి గాలి ఎక్కువగా ఆగ్నేయం నుంచి వస్తుంది. సముద్రం మీది తేమ మోసుకొస్తుంది. కొండకి తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మేఘమవుతుంది, వానవుతుంది. కొండ దాటి పడమటికి దిగేసరికి గాలిలో తేమ అయిపోతుంది. అందుకే మధ్యలోని ఎత్తు ప్రాంతంలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడితే, పడమటి తీరంలో వెయ్యికి లోపే పడుతుంది. అనంతపురం శ్రోతలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నైరుతి మేఘాలన్నీ పడమటి కనుమల అవతలే కురిసిపోతే మిగిలేదేమిటో వాళ్ళకి బాగా తెలుసు.

ఈ మేఘం రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున పల్చగా ఉంటుంది. ఎండెక్కి నేల వేడెక్కేకొద్దీ కొండ నెత్తిన ముసురుతుంది. మధ్యాహ్నం దాటాక కొండ మీద మబ్బు, కింద తీరంలో ఎండ. ఇది చాలా రోజుల్లో కనిపించే తీరు. ప్రకృతి ఏర్పాటే అలా ఉన్నప్పుడు మన ప్రయాణం కూడా అలాగే వేసుకుందాం. పొద్దున కొండ. సాయంత్రం సముద్రం.

ఈ మాట నాకు మొదట తెలియదు. మేం వెళ్ళినప్పుడు అత్తయ్యగారు కూడా వచ్చారు. ఆవిడకి 70 దాటాయి. సముద్రం మన ఊళ్ళోనూ ఉంది, నాకు అగ్నిపర్వతం చూపించండి అన్నారు. దీవి మధ్యలో క్యూర్‌పిప్ అని ఒక ఊరుంది. ఆ ఊరి పక్కనే ఒక చల్లారిన అగ్నిపర్వతం నోరుంది. దాన్ని త్రూ ఓ సెర్ అంటారు. జింకల గుంట అని అర్థం. మొదటి రోజు సముద్రం దగ్గర ఆడుకుని, భోజనాలు చేసి, మధ్యాహ్నం 3 గంటలకి అక్కడికి వెళ్ళాం. తీరంలో చెమట పోసింది. పైకెళ్ళేసరికి చలి. తెల్లటి పొగమంచు. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. అవతల ఏముందో కనిపించలేదు. అత్తయ్యగారు చీర కొంగు చెవుల మీదికి లాక్కుని పావుగంట అలాగే చూశారు. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు కష్టమనిపించింది.

కారు నడిపే అతను అన్నాడు, రేపు పొద్దున 8 లోపల రండి, కొండ అప్పటికి ముఖం కడుక్కుని ఉంటుందని. మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. అదే రెయిలింగు. అదే చోటు. పెద్ద గిన్నెలాంటి గుంట, సుమారు 300 మీటర్ల వెడల్పు. లోపలంతా పచ్చటి చెట్లు. అట్టడుగున చిన్న నీటి మడుగు. చుట్టూ తిరగడానికి చదునైన దారి ఉంది. వయసైన వాళ్ళు కూడా హాయిగా నడవచ్చు. అక్కణ్ణించి ఉత్తరంగా చూస్తే పీటర్ బోత్ శిఖరం కనిపించింది. ఎత్తు 820 మీటర్లు. కొండ కొసన ఒక గుండు రాయి నిలబడి ఉంటుంది, నెత్తిన బిందె పెట్టుకున్న మనిషిలా. దీవిలో ఇలాంటి కొండలన్నీ ఒకప్పటి మహా అగ్నిపర్వతం గోడలు. పగిలిన కుండ పెంకులు గుండ్రంగా మిగిలినట్టు దీవి చుట్టూ మిగిలాయి. ఇది పొగమంచులో కనిపించదు. పొద్దున వెళ్తేనే కనిపిస్తుంది.

పొద్దున్నే లేవడం ఎలా అంటారా? అది తేలికే. మన కంటే అక్కడ గంటన్నర వెనక. మనకి ఆరున్నర అయితే వాళ్ళకి అయిదు. మొదటి రెండు రోజులు అలారం లేకుండానే మెలకువ వచ్చేస్తుంది. ఆ వేళని హోటలు గదిలో పోగొట్టుకోకండి. కొండకి ఇవ్వండి.

ఏ నెలలో వెళ్ళాలి? భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ కాలాలు తలకిందులు. మనకి ఎండలు మండే మే నెలలో వాళ్ళకి చల్లదనం మొదలవుతుంది. మన పిల్లల బడులకి సెలవులు కూడా అప్పుడే. మే నుంచి నవంబరు దాకా మంచి కాలం. జూన్ నుంచి ఆగస్టు దాకా తూర్పు తీరంలో గాలి బలంగా కొడుతుంది. అందుకని ఆ నెలల్లో పడమటి తీరంలో బస చూసుకోండి. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల కాలం. మన రేవుల్లో నంబర్ల హెచ్చరికలున్నట్టే అక్కడ ఒకటి నుంచి నాలుగు తరగతుల హెచ్చరికలుంటాయి. మూడో తరగతి వచ్చిందంటే ఎవరూ గడప దాటరు. కోస్తా వాళ్ళకి తుపాను సంగతి నేను చెప్పేదేముంది. నాలుగు రోజుల సెలవుని ఆ నెలల్లో పెట్టుకోవద్దు, అంతే.

బస ఒక్క చోటే తీసుకోండి. రోజుకో హోటలు మారితే పెట్టెలు సర్దడంతోనే పొద్దు గడిచిపోతుంది. భారతీయులకి వీసా ముందుగా తీసుకునే పని లేదు. అక్కడ దిగాక ఇస్తారు. తిరుగు టికెట్టు, బస కాగితాలు చేతిలో ఉంచుకోండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనే ముందు ఒకసారి కనుక్కోండి. వాహనాలు మన లాగే ఎడమ పక్కన నడుస్తాయి.

ఇప్పుడు నాలుగు రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన రోజు గురించి చెప్తాను. ఇది నైరుతి వైపు రోజు. పొద్దున్నే బయల్దేరి గంగా తలావ్‌కి వెళ్ళాలి. గ్రాండ్ బాసాన్ అని కూడా అంటారు. అది కూడా అగ్నిపర్వతం నోరే. నీళ్ళు నిండి చెరువయింది. సముద్రానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. ఒడ్డున గుళ్ళున్నాయి. దారి పక్కన 33 మీటర్ల శివుడి విగ్రహం ఉంది. శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ లక్షల మంది కాలినడకన ఇక్కడికి వస్తారు. మెట్ల మీద కూర్చుంటే నీళ్ళ మీద పొగలా మంచు జరుగుతుంటుంది. వేసుకోవడానికి ఒక స్వెట్టరు ఉండాలి.

అక్కణ్ణించి అడవి మధ్యగా దారి. బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనం అది. 1994లో ఏర్పాటు చేశారు. దారి పక్కన ఆగి చూస్తే లోయ, లోయలోకి దూకే జలపాతాలు, చివర ఒక నీలం గీతలా సముద్రం. దీవిలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఈ పక్కనే ఉంది, 828 మీటర్లు. ఇంకాస్త దిగితే షమరెల్. ఇక్కడ ఏడు రంగుల మట్టి దిబ్బలున్నాయి. చాలామంది ఫొటో తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోతారు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇది కూడా ఆ నల్లరాయే. లక్షల ఏళ్ళు వానకి నాని, కరిగేవన్నీ కరిగిపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలాయి. పెరట్లో పారేసిన ఇనప గునపం తుప్పు పట్టి ఎర్రబడుతుంది కదా. అదే ఎరుపు. దానికి తోడు గోధుమ, పసుపు, ఊదా చారలు. ఆ మట్టిలో గడ్డి కూడా మొలవదు.

మధ్యాహ్నం దాటేసరికి వెనక కొండ మీద మబ్బు ముసురుతుంది. మీరు అప్పటికే కిందికి దిగుతుంటారు. ఎదురుగా ల మోర్న్ కొండ. ఎత్తు 556 మీటర్లు. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నల్లటి బండ. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి పట్టుకొచ్చిన బానిసలు తప్పించుకుని ఈ కొండ మీద దాక్కునేవాళ్ళు. 1835లో బానిసత్వం రద్దయింది. ఆ మాట చెప్పడానికి సిపాయిలు కొండెక్కుతుంటే, మళ్ళీ పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దాని కాళ్ళ దగ్గర సముద్రం పాలనీలం రంగులో, పిల్లలు నిలబడేంత లోతులో ప్రశాంతంగా ఉంటుంది. ఆ ఒడ్డున కూర్చుని పొద్దు గుంకడం చూడండి. నీళ్ళలో దిగేటప్పుడు రబ్బరు చెప్పులు తీయకండి. అడుగున ముళ్ళ జీవులుంటాయి. నల్లరాయి అంచు కూడా కత్తిలా కోస్తుంది. చూశారా, కొండ మీద మొదలుపెట్టి సముద్రం దగ్గర ఆగాం. ఒక్క వైపే తిరిగాం. వెనక్కి వెళ్ళాల్సిన పని పడలేదు.

తూర్పు వైపు రోజు పడవలకి, ఈతకి. దాని గురించి ఎక్కువ చెప్పను, హోటలు వాళ్ళే చెప్తారు.

ఉత్తరం వైపు రోజున మాత్రం ఒక చోటికి తప్పకుండా వెళ్ళండి. పోర్ట్ లూయిస్ రేవులో ఆప్రవాసీ ఘాట్. బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో చెరుకు తోటలకి కూలీలు కావాల్సొచ్చింది. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మందిని మన దేశం నుంచి ఓడల్లో తెచ్చారు. చాలామంది దిగింది ఈ మెట్ల మీదే. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కినందుకు వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. ఇవాళ్టికీ వాళ్ళ మనవలు, మునిమనవలు సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రామభజనం పాడతారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దీవిలోనే. ఆ రాతి మెట్లు చాలా మామూలుగా ఉంటాయి. గుడీ గోపురం ఏమీ ఉండదు. కాస్త నిదానంగా నిలబడి చూడండి. పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పిప్ దాకా ఇప్పుడు మెట్రో రైలుంది. కారు లేకపోయినా ఆ రోజు పొద్దున కొండ చూసి, ఆ రైల్లోనే రేవుకి దిగొచ్చు. ఆకలేస్తే బజార్లో ధోల్‌పూరీ తినండి. పప్పు కూరిన పల్చటి రొట్టె. తీపి లేని బొబ్బట్టు అనుకోండి. మన మసాలా వడల్లాంటి మిరపకాయ వడలు కూడా అక్కడే వేడివేడిగా దొరుకుతాయి.

ఆఖరి రోజుకి దక్షిణం వైపు ఉంచుకోండి. విమానాశ్రయం ఆగ్నేయ మూల ఉంది కాబట్టి తిరుగు ప్రయాణానికి దగ్గర. అక్కడ గ్రీ గ్రీ అనే చోటుంది. దీవి చుట్టూ పగడపు దిబ్బలు గోడలా ఉండి అలల్ని ఆపుతాయి. గ్రీ గ్రీ దగ్గర ఆ గోడ తెగిపోయింది. సముద్రం నేరుగా వచ్చి నల్లటి కొండ రాయిని కొడుతుంది. చూడండి, వినండి, నీళ్ళలోకి మాత్రం దిగకండి.

అక్కణ్ణించి విమానాశ్రయానికి వెళ్ళే దారికి రెండు పక్కలా చెరుకు తోటలు. తోటల మధ్యలో నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. కొన్ని ఇంటి అంత ఎత్తున్నాయి. ఒకదాని మీద ఒకటి చక్కగా పేర్చి ఉంటాయి. లావా రాళ్ళతో నిండిన నేలని సాగులోకి తేవడానికి కూలీలు చేత్తో ఏరి పోసిన రాళ్ళవి. అత్తయ్యగారు అక్కడ కారు ఆపమన్నారు. దిగి, ఒక గుట్ట దగ్గరికి వెళ్ళి, రాయి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డారు. మా తాతగారి ఊళ్ళో సన్నికల్లు ఇలాగే ఉండేది అన్నారు. అక్కడివాళ్ళకీ అలాంటిదే ఉంది. ఈ నల్లరాతితోనే చెక్కుతారు, రోష్ కారీ అంటారు, దాని మీదే మసాలా నూరుతారు. మీరు వెళ్ళినప్పుడు విమానాశ్రయానికి ఓ అరగంట ముందుగానే బయల్దేరండి. దారిలో అక్కడ ఆగడానికి.